చెప్పులు విప్పించి చూసిన చర్మ వైద్యశాల

గత ఆషాఢంలో మా అమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదులో నల్లకుంట వైపున్న ఒక చిన్న చర్మ వైద్యశాలకు వెళ్లి, ఇద్దరం నడినెత్తి నుంచి అరికాలి వరకు చర్మమంతా పరీక్ష చేయించుకున్నాం. అక్కడ ఏమి అడిగారు, ఏమి చూశారు, ఎంత తీసుకున్నారు, ఎక్కడ లోపం కనిపించింది అన్నవి ఈ సమీక్షలో వివరంగా రాస్తున్నాను. వైద్యశాల పేరు మాత్రం రాయడం లేదు. నేను మెచ్చుకున్న విషయాలతో పాటు ఎత్తిచూపవలసిన లోపాలూ ఉన్నాయి. పైగా పేరు కంటే పరీక్ష జరిగిన తీరు తెలిస్తేనే, చదివినవారు తమ ఇంటి దగ్గరి చర్మ డాక్టరును అదే తీరులో చూడమని అడగగలుగుతారు.

ముందుగా, అక్కడికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందో చెప్పాలి. అమ్మకు డెబ్బై ఒక్క ఏళ్లు. ముక్కుపుడకకు కాస్త పైన, ముక్కూ చెంపా కలిసే మడతలో, మినపగింజంత నల్లటి పొక్కు రెండేళ్లుగా ఉంది. మొహం కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నప్పుడు అప్పుడప్పుడు దాని మీద రక్తపు చుక్క కనిపించేది, పొలుసు కట్టేది, నాలుగు రోజులకు ఆ పొలుసు రాలిపోయేది, మళ్లీ మొదటికి వచ్చేది. ఇంట్లో అందరం దాన్ని పులిపిరి అనే అన్నాం. అమ్మ మాత్రం ముక్కు పక్కన మచ్చ కలిసివస్తుందని పుట్టుమచ్చల శాస్త్రంలో ఉందంటూ దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు. మా పక్కింటావిడ సున్నమూ బట్టల సోడా కలిపి పెడితే వారంలో ఊడిపోతుందని చెప్పినప్పుడు అమ్మ ఒప్పుకోకపోవడం ఎంత మేలు చేసిందో ఇప్పుడు తెలుస్తోంది.

మొదట మేము వెళ్లింది పెద్ద రహదారి మీద అద్దాల తలుపులున్న ఒక చర్మ సౌందర్య కేంద్రానికి. అక్కడ డాక్టరు కంటే ముందు ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని కూర్చుని, అమ్మ ముఖాన్ని ఫోటో తీసి, మెడ మీద ఉన్న మరో మూడు చిన్న కాయలతో కలిపి మొత్తం నాలుగూ లేజర్‌తో ఒక్క పూటలో తీసేస్తామని, ప్యాకేజీ పన్నెండు వేలని చెప్పింది. తీసినదాన్ని ల్యాబుకు పంపుతారా అని నేను అడిగాను. "లేజర్‌తో కాల్చేస్తే పంపడానికి ఏమీ మిగలదు మేడమ్" అని ఆ అమ్మాయి నిజాయితీగానే జవాబిచ్చింది. ఆ ఒక్క మాటతో నేను అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

అలా రావడానికి మా పెదనాన్నగారి జ్ఞాపకమే కారణం. ఆయన నల్లగొండ జిల్లాలో వ్యవసాయం చేసేవారు. మడమ మీద నల్లటి మచ్చ ఒకటి మొదలై, మెల్లగా పక్కకు పాకి, మధ్యలో పుండయింది. దాన్ని ఆనెకాయ అనుకుని మందుల దుకాణంలో దొరికే ప్లాస్టర్లు అంటించారు, చెప్పులు మార్చారు, ఎవరో చెబితే జీడి కూడా పెట్టారు. ఏడాదిన్నర గడిచి, గజ్జల్లో బిళ్ల కట్టిన తర్వాత హైదరాబాదు తీసుకువస్తే అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అన్నారు. ఆ తర్వాత ఆయన పద్నాలుగు నెలలు బతికారు. ఎండలో పని చేసే మనిషికి ఎండ తగలని అరికాల్లో చర్మ క్యాన్సర్ ఏమిటని మేమంతా అప్పట్లో ఆశ్చర్యపోయాం. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఇన్నేళ్లకు ఈ నల్లకుంట వైద్యశాలలో దొరికింది.

వైద్యశాల రెండో అంతస్తులో ఉంది. డాక్టరు గారు యాభై దాటిన మహిళ. గదిలోకి వెళ్లగానే అమ్మను కూర్చోబెట్టి, ముక్కు మీది పొక్కు వంక ఒకసారి చూసి, "దీని సంగతి చివర్లో చూద్దామమ్మా, ముందు చెప్పులు విప్పి కాళ్లు బల్ల మీద పెట్టండి" అన్నారు. చూపించవలసింది ముక్కయితే కాళ్లెందుకని అమ్మ మొహమాటపడింది, డాక్టరుకు కాళ్లు చాపడం ఆమెకు మర్యాదగా తోచలేదు. "మనలాంటి చామనఛాయ వాళ్లకు ప్రమాదకరమైన మచ్చ ఎక్కువగా దాక్కునేది అక్కడేనమ్మా" అని డాక్టరు గారు చెప్పాక అమ్మ కాళ్లు చాపింది. నా దృష్టిలో ఈ వైద్యశాలకు పడిన మొదటి మంచి మార్కు అదే.

ఆ మాట వెనుక ఉన్న సంగతిని ఆమె తీరిగ్గా వివరించారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది కాబట్టి, తెల్లజాతి వారితో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్లు తక్కువ. అయితే మెలనోమాలో అరచేతుల్లో, అరికాళ్లలో, గోళ్ల కింద పుట్టే ఒక రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. తెల్లవారిలో మొత్తం మెలనోమాల్లో ఈ రకం వాటా చాలా స్వల్పం, చర్మం రంగు ముదిరినవారిలో మాత్రం దాని వాటా ఎక్కువ. అంటే మనకు ఆ జబ్బు మొత్తం మీద అరుదే గానీ, వచ్చినప్పుడు మనం చూడని చోట, మరో జబ్బులా కనిపించేటట్టుగా వస్తుంది. కాలి వేలి గోరు కింద వస్తే గోరుచుట్టు అనో దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టిందనో అనుకుంటాం, మడమ మీద వస్తే ఆనె అనుకుంటాం. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద 1977లో బయటపడింది ఇదే రకం. అది మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనే అనుకున్నారు. 1981 మేలో ముప్పై ఆరేళ్ల వయసులో ఆయన మరణించారు. మా పెదనాన్నగారి ముఖం ఆ నిమిషంలో నా కళ్ల ముందు కదిలింది.

నా ఎడమ అరికాల్లో, పాదం వంపు మొదలయ్యే చోట, చిన్నప్పటి నుంచీ ఉందో మధ్యలో వచ్చిందో తెలియని గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది. డాక్టరు గారు దాని మీద కాస్త జెల్ రాసి డెర్మోస్కోపు ఆనించారు. అది చేతిలో ఇమిడే భూతద్దంలాంటి పరికరం, చుట్టూ దీపం ఉంటుంది, చర్మం పైపొర మెరుపును తొలగించి లోపలి రంగును పదింతలు పెద్దదిగా చూపిస్తుంది. దానికి తగిలించిన ఫోన్ తెరను నా వైపు తిప్పి, "మీవాళ్లు వ్యవసాయదారులే అన్నారు కదా, ఇది దున్నిన పొలం అనుకోండి" అన్నారు. నిజంగానే తెర మీద నా అరికాలు చాలు వెంట చాలుగా దున్నిన చేనులా ఉంది. వేలిముద్రల్లో ఉన్నట్టే అరికాల్లోనూ గట్లూ చాళ్లూ సమాంతరంగా సాగుతాయి, గట్ల మీద వరుసగా చెమట రంధ్రాలు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. నా మచ్చలోని గోధుమరంగు చాళ్లలో సన్నటి గీతలుగా ఉంది, గట్లు తేటగా ఉన్నాయి. రంగు చాళ్లలో ఉంటే అది సాధారణంగా మామూలు పుట్టుమచ్చ, రంగు గట్ల మీద వెడల్పుగా పరుచుకుంటే అనుమానించి ముక్క తీసి పరీక్షకు పంపాలి అని ఆమె చెప్పారు. ఇంత కష్టమైన విషయాన్ని ఇంతకంటే తేలికగా, మన మాటల్లో చెప్పినవారిని నేను చూడలేదు.

తర్వాత వచ్చింది ప్రశ్నల వంతు. ఈ వైద్యశాలను నేను ఇతరులకు గట్టిగా సిఫారసు చేయడానికి అసలు కారణం ఆ ప్రశ్నలే. చర్మ క్యాన్సర్ ప్రమాదం గురించి మామూలుగా కనిపించే సమాచారమంతా తెల్లటి చర్మం, నీలి కళ్లు, ఎర్రటి జుట్టు, సముద్రపు ఒడ్డున ఎండకు కందిపోవడం చుట్టూ తిరుగుతుంది. ఆ కొలతలతో చూసుకుంటే మన ఇళ్లలో ఎవరికీ ప్రమాదం లేదనిపిస్తుంది. డాక్టరు గారు అడిగినవి వేరు. ఒంటి మీద ఎక్కడైనా పాత కాలిన మచ్చ ఉందా? ఏళ్ల తరబడి మానుతూ మళ్లీ రేగుతూ ఉన్న పుండు ఉందా? ఎప్పుడైనా కుష్ఠుకు మందు వాడారా, వాడితే పాదాల్లో స్పర్శ లేని పుండ్లు మిగిలాయా? మూత్రపిండం మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారా? వేరే జబ్బుకు రేడియేషన్ చికిత్స జరిగిందా? సోరియాసిస్‌కు ఏళ్ల తరబడి అతినీలలోహిత కాంతి చికిత్స తీసుకున్నారా? ఆర్సెనిక్ కలిసిన నీళ్లు తాగే ప్రాంతంలో ఉన్నారా, పేరు తెలియని నాటు మందులు దీర్ఘకాలం వాడారా? ఇవన్నీ అడిగి, ఒక్కొక్కటీ ఎందుకు అడుగుతున్నారో ఒక వాక్యంలో చెప్పారు.

పాత కాలిన మచ్చ మాట రాగానే అమ్మ తన ఎడమ చేతి మణికట్టు చూపించింది. చిన్నతనంలో కామెర్లు వచ్చినప్పుడు ఊళ్లో పెట్టిన వాత అది, అరవై ఏళ్ల నాటిది. డాక్టరు గారు దాన్ని వేలితో నొక్కి, అంచుల వెంట తడిమి, ఎక్కడా గట్టిపడలేదని, చీలిక లేదని నిర్ధారించుకున్నారు. కాలిన మచ్చలో ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కూడా స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ పుట్టవచ్చునని, 1828లో ఫ్రాన్సుకు చెందిన మార్జొలిన్ అనే శస్త్రవైద్యుడు ఇలాంటి మచ్చల్లో పుట్టే పుండ్లను వర్ణించినందున దానికి ఆయన పేరే నిలిచిందని చెప్పారు. కశ్మీరులో చలికి పొట్ట దగ్గర పెట్టుకునే కాంగ్డీ అనే నిప్పుల కుండ వల్ల తొడల మీద, పొట్ట మీద వచ్చే కాంగ్డీ క్యాన్సర్ కూడా ఈ కోవలోనిదే. పాత మచ్చలో కొత్తగా పుండు పడినా, గడ్డలా లేచినా, దుర్వాసన వచ్చినా, రక్తం కారినా నెల రోజులకు మించి ఆగకూడదన్నది ఆమె పెట్టిన గడువు. వాత పెట్టించుకున్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ మచ్చల్ని ఎవరైనా డాక్టరు తడిమి చూడడం నేను మొదటిసారి చూశాను.

ఇంకొక ప్రశ్న మమ్మల్ని ఇద్దరినీ ఆలోచనలో పడేసింది. "లంగా బొందు ఎంత బిగించి కడతారమ్మా?" అని అడిగి, అమ్మ నడుము చుట్టూ నల్లగా, గరుకుగా మారిన చర్మపు పట్టీని దీపం పెట్టి చూశారు. ఒకే చోట రోజూ బొందు ఒరుసుకుని, చెమటతో నాని, పగిలి, ఏళ్ల తరబడి అలాగే ఉంటే అక్కడ పుండు పడి, ఎక్కడో అరుదుగా అది క్యాన్సరుగా మారుతుంది. వైద్య పత్రికల్లో దీన్ని చీర క్యాన్సర్ అనీ, పంచె కట్టేవారిలో వస్తే ధోవతి క్యాన్సర్ అనీ రాస్తూ వచ్చారు. 2024లో మహారాష్ట్రలోని వార్ధా, బీహారులోని మధుబని వైద్య కళాశాలల డాక్టర్లు ఇలాంటి ఇద్దరు స్త్రీల గురించి రాస్తూ, అసలు కారణం చీర కాదు, లోపల బిగించే బొందు అని స్పష్టం చేశారు. వారిలో ఒకామె డెబ్బై ఏళ్ల మనిషి, నడుము పక్కన పద్దెనిమిది నెలలు మానని పుండుతో వచ్చింది. అమ్మకు అలాంటిదేమీ లేదు. అయినా బొందు స్థానంలో వెడల్పాటి పట్టీ కుట్టించుకోమని, చర్మం రేగిన రోజుల్లో ఇంట్లో నైటీ వేసుకోమని డాక్టరు గారు సలహా ఇచ్చారు. అమ్మ అదే వారం మా వీధి దర్జీ దగ్గర నాలుగు లంగాలకు పట్టీలు కుట్టించింది.

మేనరికాల గురించి కూడా అడిగారు. మా ఇంట్లో రెండు తరాలుగా మేనరికాలున్నాయి. ఎండలో కొద్దిసేపు తిరిగితేనే ముఖం నిండా ముదురు చుక్కలు వచ్చి, కళ్లు తెరవలేక బాధపడే పిల్లలు బంధువుల్లో ఉన్నారా అన్నది ఆమె ప్రశ్న. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జన్యు లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది కాబట్టి రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగే కుటుంబాల్లో దాని అవకాశం ఎక్కువ. ఆ పిల్లలకు పదేళ్లు నిండకుండానే చర్మ క్యాన్సర్లు రావచ్చు. పుట్టుకతోనే చర్మానికి, జుట్టుకు రంగు లేని ఆల్బినిజం ఉన్నవారి సంగతీ అలాంటిదే. హైదరాబాదు వేసవి మధ్యాహ్నాల్లో అతినీలలోహిత సూచిక పదకొండు దాటడం మామూలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అత్యంత తీవ్రమైన స్థాయి. మనకు మెలనిన్ గొడుగు ఉంది, ఆ పిల్లలకు అదీ లేదు. మా బంధువుల్లో అలాంటి పిల్లలెవరూ లేరు. పెదనాన్నగారి జబ్బు వల్ల నాకు ప్రమాదం పెరిగిందా అని నేను అడిగితే, తల్లిదండ్రులకో తోబుట్టువులకో మెలనోమా వస్తే జాగ్రత్త పడాలని, అరికాలి రకం కుటుంబంలో పాకే గుణం తక్కువని చెప్పి నా భయాన్ని తగ్గించారు.

చేతి గోళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. ఆషాఢం కనుక నేను గోరింటాకు పెట్టుకుని ఉన్నాను. నా ఎడమ బొటనవేలి గోరులో నిలువుగా సన్నటి గోధుమరంగు గీత ఒకటి ఉందని నాకు తెలుసు. ఎర్రటి గోరింటాకు కింద అది కనిపించలేదు. మనలాంటి చర్మపు రంగు ఉన్నవారిలో చాలామందికి గోళ్లలో ఇలాంటి గీతలు సహజంగానే ఉంటాయి, పలు గోళ్లలో సన్నగా, సమంగా ఉంటే భయపడనక్కరలేదు. ఒక్క గోరులోనే ఉన్న గీత, నడివయసు తర్వాత కొత్తగా వచ్చినది, మూడు మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతున్నది, రంగు ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా ఉన్నది, అన్నిటికంటే ముఖ్యంగా గోరు మొదట్లోని చర్మం మీదికి కూడా నలుపు పాకినది అయితే వెంటనే చూపించుకోవాలి. నా గోరు చుట్టూ చర్మం మీద కూడా గోరింటాకే ఉండడంతో ఆ ముఖ్యమైన గుర్తును ఆమె ఆ రోజు నమ్మకంగా చూడలేకపోయారు. అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే గోరింటాకు, గోళ్లరంగు లేకుండా రమ్మని చెప్పడం రిసెప్షన్ బాధ్యత. ఆషాఢంలో ఈ నగరంలో వచ్చే ఆడవాళ్లలో సగం మంది చేతులు ఎర్రగానే ఉంటాయి. ఈ చిన్న మాట చెప్పకపోవడం వల్ల నేను మరోసారి రావలసి వచ్చింది. ఇది ఈ వైద్యశాలలో నాకు కనిపించిన పెద్ద లోపం.

చివరికి అమ్మ ముక్కు మీదికి వచ్చారు. డెర్మోస్కోపులో ఆ పొక్కు మామూలు కంటికి కనిపించినట్టు ఒకే నలుపుగా లేదు. అంచున ముత్యపు మెరుపు ఉంది, లోపల బూడిద కలిసిన నీలి ఉండలు ఉన్నాయి, వాటి మీదుగా చెట్టు కొమ్మల్లా చీలిన సన్నటి రక్తనాళాలు పాకి ఉన్నాయి. మధ్యలో గుంటపడి పొలుసు కట్టింది. పుస్తకాల్లో గులాబీరంగు పొక్కుగా కనిపించే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో తరచు ఇలా నల్లగా వస్తుందని, అందుకే పులిపిరి అనో పుట్టుమచ్చ అనో పొరబడతారని ఆమె చెప్పారు. ఈ క్యాన్సర్ వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు, కానీ పట్టించుకోకుండా వదిలేస్తే ఎలుక కొరికినట్టు ముక్కునూ కంటి రెప్పనూ లోపలికి తినుకుంటూ పోతుంది. క్యాన్సర్ అన్న మాట అమ్మ ముందు అనడానికి ముందు ఆమె నా వంక ఒకసారి చూశారు, నేను తల ఊపాక అమ్మకే నేరుగా చెప్పారు. "డాక్టరమ్మా, ప్రాణానికి ముప్పా?" అని అమ్మ అడిగింది. "ప్రాణానికి కాదమ్మా, ముక్కుకు. ఇప్పుడే తీస్తే దానికీ లేదు" అన్నారు. అమ్మ స్థిమితపడడానికి ఆ రెండు వాక్యాలు సరిపోయాయి.

మరుసటి వారం మత్తు సూది వేసి, మూడు మిల్లీమీటర్ల గుండ్రటి కత్తితో చిన్న ముక్క తీసి, ఒక కుట్టు వేసి పంపారు. ఎనిమిదో రోజున రిపోర్టు వచ్చింది, డాక్టరు గారి అనుమానమే నిజమైంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొదటి కేంద్రంలో లేజర్ చేయించి ఉంటే పైభాగం కాలిపోయి చర్మం చదునుగా మానేది, వేళ్లు లోపలే ఉండేవి, రెండు మూడేళ్లకు మచ్చ కింద మళ్లీ లేచేది. మెలనోమా అయితే నష్టం ఇంకా ఎక్కువ. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికా వైద్యుడు చూపించినట్టు, ఆ జబ్బులో తర్వాతి చికిత్స అంతా అది చర్మంలోకి ఎంత లోతుకు దిగిందన్న మిల్లీమీటర్ల కొలత మీద ఆధారపడుతుంది, కాల్చేసిన చోట కొలవడానికి ఏమీ మిగలదు. నల్లటి మచ్చ దేన్నయినా డెర్మోస్కోపుతో చూడకుండా, అనుమానమున్నచోట ముక్క పరీక్షకు పంపకుండా లేజర్‌తో తీస్తామనేవారి దగ్గర, వారు ఎంత తగ్గింపు ఇచ్చినా, చేయించుకోకూడదని నా అభిప్రాయం.

ఇంట్లో చూసుకోవడం ఎలాగో నేర్పడానికి డాక్టరు గారు పది నిమిషాలు కేటాయించారు. 1985లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు మెలనోమా గుర్తుల్ని ఏ, బీ, సీ, డీ అనే నాలుగు అక్షరాలుగా కూర్చారు, 2004లో ఈ అనే అయిదో అక్షరం చేర్చారు. మచ్చను మధ్యకు మడిచినట్టు ఊహిస్తే రెండు సగాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం, అంచు సిరా ఒలికినట్టు చెదిరిపోవడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు ఉండడం, ఆరు మిల్లీమీటర్లు అంటే పెన్సిలు వెనుక రబ్బరంత దాటడం, వారాల్లో నెలల్లో మారుతూ ఉండడం అన్నవి ఆ గుర్తులు. వీటిలో తాను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది మార్పునే అని, ఆరు మిల్లీమీటర్లు దాటలేదు కదా అని మారుతున్న మచ్చను వదిలేయకూడదని ఆమె అన్నారు. ఒంటి మీది మచ్చలన్నీ ఒక పోలికలో ఉండి ఒక్కటి మాత్రం వేరే ఇంటి నుంచి వచ్చినట్టు కనిపిస్తే దాన్నీ చూపించుకోవాలి. పాదాల విషయంలో ఈ అక్షరాలకు పూర్తిగా చిక్కనివీ ఉంటాయి కాబట్టి, రంగున్న మచ్చ, పేరు తేలని పుండు, రక్తం రావడం, పెరగడం, రెండు నెలలైనా మానకపోవడం అనేవాటిలో రెండు కలిసి ఉంటే ఆగవద్దన్నారు. తలకు నూనె పెట్టుకునే ఆదివారం నాడు నెలకొకసారి ఒకరి తలలో ఒకరు పాయలు తీసి చూసుకోమని, అదే పూట కాలి వేళ్ల సందుల్నీ చూసుకోమని ఆమె చెప్పిన పద్ధతి మా ఇంట్లో సులువుగా ఇమిడిపోయింది.

ఖర్చు విషయానికి వస్తే, డాక్టరు చూసినందుకు మనిషికి ఏడు వందలు, ఒళ్లంతా డెర్మోస్కోపుతో చూసినందుకు పదిహేను వందలు, అమ్మ బయాప్సీకీ ల్యాబుకూ కలిపి నాలుగు వేల రెండు వందలు తీసుకున్నారు. మందుల చీటీలో ఎండలో వెళ్లేటప్పుడు రాసుకునే ఒక సన్‌స్క్రీన్ తప్ప మరేమీ లేదు, కింద మందుల దుకాణంలోనే కొనమని ఎవరూ అనలేదు.

లోపాల్లో గోరింటాకు సంగతి ముందే రాశాను. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ రెండు అంతస్తులు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. పదకొండు గంటలకు రమ్మని, గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. పరీక్ష గదిలో తెర పూర్తిగా మూసుకోదు. ఒళ్లంతా చూపించుకోవలసిన చోట అది చిన్న విషయం కాదు, నర్సు చీర కొంగు అడ్డుపెట్టినట్టు తన దుపట్టా పట్టుకుని నిలబడవలసి వచ్చింది. మచ్చల ఫోటోలు పక్కన స్కేలు పెట్టి చక్కగా తీశారు గానీ, మా అనుమతి అడగకుండా నర్సు తన సొంత ఫోన్ నుంచి వాట్సాప్‌లో పంపింది. నేను చెప్పాక డాక్టరు గారు ఆ ఫోటోల్ని నర్సు ఫోన్లోంచి మా ఎదుటే తీసివేయించారు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో ఉంది. నోటితో అంత చక్కటి తెలుగులో చెప్పినవారు, రోగికి ఇచ్చే కాగితం మీద నాలుగు వాక్యాలు తెలుగులో రాసి ఇవ్వగలరని నా నమ్మకం. డాక్టరు గారికి ఆ మాటే చెప్పి వచ్చాను.

శస్త్రచికిత్సకు ఎక్కడికి వెళ్లవచ్చో అడిగితే ఒక్క పేరు చెప్పి పంపలేదు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి అని మూడూ రాసి, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే మొదట ఏ కౌంటర్లో అడగాలో కూడా చెప్పారు. అమ్మకు ప్లాస్టిక్ సర్జన్ మత్తు సూదితోనే పొక్కునూ చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల చర్మాన్నీ తీసి, చెంప నుంచి చర్మం జరిపి కుట్టారు. అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది. ముక్కుపుడక మళ్లీ పెట్టుకోవడానికి అమ్మ రెండు నెలలు ఆగవలసి వచ్చింది.

గోరు చూపించుకోవడానికి నేను కార్తీకంలో మళ్లీ వెళ్లాను. నాలుగు నెలల్లో గోరు పెరిగి, గోరింటాకు రంగు చివరి అంచున సన్నటి చంద్రవంకలా మిగిలింది, దాని కింద తేటగా ఉన్న గోరులో గోధుమరంగు గీత కనిపించింది. డాక్టరు గారు స్కేలు పెట్టి కొలిచారు, ఒక మిల్లీమీటరు. అంచులు తిన్నగా ఉన్నాయి, గోరు మొదట్లోని చర్మం మీద నలుపు లేదు. ఫోటో తీసి, ఈసారి నా చేత సంతకం చేయించుకుని దాచి, ఆరు నెలల తర్వాతి తేదీ రాసిచ్చారు. వచ్చే ఆషాఢంలో గోరింటాకు మానేయాలా అని అడిగాను. "తొమ్మిది వేళ్లకు పెట్టుకోండి, ఆ ఒక్క వేలు నాకు వదిలేయండి" అన్నారు.